పూల టైల్స్, పులుసు కంచాలు: నెల్లూరు నుంచి ఉదయగిరి మీదుగా ఒంగోలు దాకా

శుక్రవారం, నెల్లూరు

మా వదినకు హైదరాబాదులో మేడ మీద చిన్న కరెంటు బట్టీ ఉంది. కంచాలు, కప్పులు, గిన్నెలు చేసి కాలుస్తుంది, తెలిసినవాళ్ళకు అమ్ముతుంది. ఈ మధ్య ఆమెకు పాత ఇళ్ళ నేల మీదుండే పూల టైల్స్ పిచ్చి పట్టుకుంది. ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా టర్కీ డిజైను, మొరాకో డిజైను, పోర్చుగల్ డిజైను అంటూ టైల్ పూలు అచ్చేసిన డిన్నర్ సెట్లే కదా, మన ఊళ్ళలో నేలలకేం తక్కువ అని ఆమె వాదన. సరే రా వదినా, నెల్లూరులో నేల చూపిస్తా, అక్కడ్నుంచి ఉదయగిరి పోయి కొయ్య చెంచాలు చూద్దాం, ఆఖరికి ఒంగోలులో మీ అమ్మగారింట్లో దిగబెడతా అన్నాను. అదీ ప్లాను.

స్టౌన్‌హౌస్‌పేటలో మాకు తెలిసినవాళ్ళ పాత ఇల్లొకటి ఉంది. వీధి వైపు అరుగు, లోపల నడవ, దాని వెనక పెద్ద హాలు, ఆ హాలు నేలంతా పూలే. పిల్లలు చెన్నైలో, ఇంట్లో ఇప్పుడు అవ్వ ఒక్కతే. మేం వచ్చిన పని చెప్తే కళ్ళద్దాలు పైకి తోసి, "ఇల్లు కొనేదానికి వచ్చేవాళ్ళను చూశా, అద్దెకు అడిగేవాళ్ళను చూశా, నేల చూసేదానికి రావడం ఏందిమే కొత్తగా!" అంది. అని ఊరుకోకుండా తడిగుడ్డ తెచ్చి తనే తుడవడం మొదలుపెట్టింది, ఆపలేకపోయాం.

తడి తగిలేసరికి రంగులు లేచాయి. ఒక్కో బిళ్ళ ఎనిమిది అంగుళాల చదరం. దాని మీద పూర్తి పువ్వు ఉండదు, ఒక మూలన పువ్వులో పావు వంతు, ఎదుటి మూలన ఒక ఆకు కొస, అంతే. నాలుగు బిళ్ళల్ని సరిగ్గా తిప్పి పెడితే మధ్యలో పువ్వు విచ్చుకుంటుంది, ఆ నాలుగింటి పక్కన ఇంకో నాలుగు పెడితే ఆకు కొసలు కలిసి ఇంకో చిన్న పువ్వవుతుంది. అంటే నేల మీద రెండు తోటలు ఒకదాన్లో ఒకటి నడుస్తుంటాయి, ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ అయిపోయాయో గోడ తగిలేదాకా తెలీదు. ఇటుక ఎరుపు, గచ్చకాయ రంగు, నలుపు, మీగడ తెలుపు. ఉయ్యాల బల్ల కింద మాత్రం కొన్ని తరాల కాళ్ళు ఆనించి తోసిన చోట బిళ్ళలు కాస్త గుంటలు పడ్డాయి, కానీ పువ్వు పోలేదు! నేను దాన్నే చూస్తూ కూర్చున్నా.

ఎందుకు పోలేదో వదిన చెప్పింది. ఇవి బట్టీలో కాల్చిన బిళ్ళలు కావు. ఇనప చట్రంలో ఇత్తడి రేకులతో గదులు గదులుగా చేసిన అచ్చు పెట్టి, ఒక్కో గదిలో ఒక్కో రంగు కలిపిన తెల్ల సిమెంటు జావ పోస్తారు, అచ్చును మెల్లగా పైకి లాగేసి, వెనక పొడి సిమెంటూ ఇసుకా వేసి ప్రెస్సుతో నొక్కుతారు, తర్వాత నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. రంగు పైపూత కాదు, మిల్లీమీటర్ల లోతు దాకా అదే. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులో మొదలైన పద్ధతి ఇది, మనకు 1922లో బొంబాయిలో భారత్ టైల్స్ వాళ్ళు స్వదేశీ పట్టుదలతో మొదలెట్టారు. తమిళనాడులో కారైకుడి దగ్గర ఆత్తంగుడిలో అయితే ప్రెస్సు కూడా ఉండదు, అద్దం పలక మీద రంగులు పోసి చేస్తారు, ఆ అద్దం నునుపే బిళ్ళకు వస్తుంది. వీటికంటే ముందున్నవి ఇంగ్లండు మింటన్ టైల్స్, అవి వేరే జాతి, రంగు మట్టిని గుంటల్లో నింపి కాల్చినవి. లండన్ పార్లమెంటు భవనంలో నేలలు అవే.

వదిన ట్రేసింగ్ కాగితం పరిచి పెన్సిలుతో గీసుకుంది, ఫోటోలు తీసుకుంది, టేపుతో కొలుచుకుంది. అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాం.

రాత్రి మా ఇంట్లో చేపల పులుసు. వదిన తెచ్చిన శాంపిల్ కంచం తీసి, అందులోనే తింటానంది. ఇలాంటి పూల టైల్ బొమ్మనే, ఎవరో అమ్మే రెడీమేడ్ స్టిక్కరు, తెల్ల కంచం నడిమధ్యలో అచ్చేసినది. చూడ్డానికి భలే ఉంది. అన్నం పెట్టాం, పులుసు పోశాం, పువ్వు పోయింది. ఎర్రటి పులుసు కింద ఏ డిజైనైనా ఒకటే. అమ్మ నవ్వుతూ, "తిన్నాక కనిపిస్తుందిలే, అప్పుడు కడిగేటోళ్ళు చూసుకుంటారు" అంది.

దీనికి ఇంకో గొడవ కూడా ఉంది, కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది. ఇలాంటి బొమ్మలు చాలావరకు డెకాల్ అంటే స్టిక్కరులా ఉండే కాగితం మీద సిరామిక్ రంగుతో అచ్చేసినవి. నీళ్ళలో నానబెట్టి, గ్లేజు అంటే గాజులాంటి పూత వేసి కాల్చేసిన కంచం మీదకు జార్చి, మళ్ళీ ఎనిమిది వందల డిగ్రీల దాపుల్లో కాలుస్తారు. బొమ్మ గ్లేజు పైనే కూర్చుంటుంది, వేలితో తడిమితే అంచు తెలుస్తుంది. రంగులో సీసమో కాడ్మియమో ఉండి, సరిగా కాలకపోతే పులుపు వాటిని బయటికి లాగుతుంది. మనం రోజూ తినేదేమో చింతపండు పులుసు, మామిడికాయ పప్పు, నిమ్మకాయ ఊరగాయ, అదీ వేళ్ళతో అద్ది అద్ది కలిపి. గ్లేజు కింద వేసిన బొమ్మయితే దాని మీద గాజు పొర ఉంటుంది కాబట్టి ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది, ఆ గ్లేజులో సీసం లేకుండా ఉంటే. గోడకు తగిలించుకునే కంచం వేరు, అన్నం తినే కంచం వేరు. అమ్మేవాణ్ణి అడగండి, మొహమాటపడొద్దు.

శనివారం, ఉదయగిరి దారి

పొద్దున్నే కారం దోశెలు తిని బయల్దేరాం. పెన్న పక్కనే సంగం, అక్కణ్ణుంచి ఆత్మకూరు, ఆ తర్వాత ఊళ్ళు పలచబడి చెట్లు పొట్టివైపోయి కొండలు మొదలవుతాయి. ఉదయగిరి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. మెట్టలో దారి పక్కన తెల్లటి పలుగురాళ్ళు మెరుస్తుంటే వదిన కారాపించి రెండు ఏరుకుంది. ఎందుకే అంటే, ఇజ్నిక్ కథ మొదలెట్టింది, ఉదయగిరి వచ్చేదాకా సాగింది.

ఇజ్నిక్ టర్కీలో ఒక ఊరు. పదహారో శతాబ్దంలో ఆటోమన్ సుల్తానుల మసీదులకు, రాజభవనాలకు పూల టైల్స్ చేసి పంపింది అక్కడి కుమ్మర్లే. వాళ్ళ సరుకులో మట్టి తక్కువ, పలుగురాతి పొడి చాలా ఎక్కువ, అందుకే ఆ తెలుపు. జైపూర్ బ్లూ పాటరీ కూడా ఈ చుట్టరికమే, పలుగురాతి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి కలిపి చేస్తారు. సులేమాన్ సుల్తాను ఆస్థాన చిత్రకారుడు కారా మెమీ తులిప్, కార్నేషన్, గులాబీ, హయసింత్ పూలను నిజం పూలలా గీసే పద్ధతి తెచ్చాడు. 1557 నాటి సులేమానియే మసీదులో టమాటా ఎరుపు కనిపిస్తుంది, ముట్టుకుంటే ఉబ్బెత్తుగా తగులుతుంది. 1560ల మొదట్లో కట్టిన రుస్తుం పాషా మసీదులో అయితే గోడలు కనపడవు, అన్నీ పూలే.

"అయితే వీళ్ళు టైల్సే కాదు, కంచాలూ చేశారు," అని అసలు సంగతికొచ్చింది. "అవే బట్టీలు, అవే రంగులు, అవే పూలు. కానీ టైల్ మీద ఉన్నది ఉన్నట్టు కంచం మీద పెట్టలా. టైల్ మీద తీగ అంచు దాటి పక్క టైల్‌లోకి పోతుంది. కంచం మీద మాత్రం కింద ఒక చోట గుబురు, దాన్లోంచి నాలుగు కాడలు లేచి, కంచం గుండ్రాన్ని చూసుకుని వంగుతాయి. ఒక కాడ విరిగినట్టు వేలాడుతుంది కూడా. అంచుకేమో చైనా కంచాల మీద చూసి నేర్చుకున్న అలల బార్డరు, పూలకు దాంతో సంబంధమే ఉండదు."

నేను ఫోన్‌లో బొమ్మలు చూశా. నిజమే. నిన్న రాత్రి మా ఇంట్లో పులుసులో మునిగిన కంచానికీ వీటికీ తేడా అదే. ఆ స్టిక్కరు తయారుచేసినవాళ్ళు నేలను కంచం సైజుకు గుండ్రంగా కత్తిరించి అంటించారు. కత్తిరించిన నేల కంచం కాదు.

ఉదయగిరి రాగానే కొండ. కోట పైదాకా ఎక్కాలంటే తెల్లారే మొదలెట్టాలి, మేం ఎక్కలేదు, కింద నుంచే చూశాం. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి 1514లో గెలిచాడు, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి హంపిలో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అటు గుడి శిథిలాలు, ఇటు మసీదులు, ఇద్దరి చేతి పనీ ఈ కొండ మీద ఉంది.

కొయ్య చెంచాల పని చేసే ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు, అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఉదయగిరి చెక్క చెంచాలకు జీఐ, అంటే ఫలానా ఊరి సొంత సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది, చెంచాలు, ఫోర్కులు, గంటెలు, ట్రేలు, కంచాలు చేస్తారు, చుట్టుపక్కల కొండ అడవిలో దొరికే నర్ది, బిక్కి, దేవదారి లాంటి కొయ్యలు వాడతారు. వసారాలో ఇద్దరు ఆడవాళ్ళు చెక్క పొట్టు మధ్యలో కూర్చుని ఉన్నారు. పెద్దావిడ చేతిలో ఒక ఫోర్కు, ఆకురాయితో రాస్తోంది, పక్కనే ఉప్పుకాగితం ముక్కలు.

ఆ ఫోర్కును నేను తీసుకుని తిప్పి తిప్పి చూశా. పళ్ళ దగ్గర ఏమీ లేదు, నున్నగా. పళ్ళు అయిపోయిన చోట రెండు చిన్న ఆకులు, అక్కణ్ణుంచి పిడి పొడవునా తీగ, పిడి సన్నబడే కొద్దీ ఆకులూ చిన్నవవుతూ పోయి, కొస వెడల్పైన చోట పువ్వు. పువ్వుకు అయిదు రేకులు, అందులో ఒకటి మిగతా వాటికంటే పొట్టి. అదేంటని అడిగితే, "అక్కడ కొయ్య గీత అడ్డం వచ్చిందమ్మా, పొడుగు తీస్తే చిట్లిపోతుంది" అంది.

వదిన తన ట్రేసింగ్ కాగితం తీసి ముందు పరిచింది. "ఇది చెంచా మీద వస్తుందా అక్కా?"

ఆవిడ కాసేపు చూసింది. "ఇది నేల పువ్వు. పిడి మీద పట్టదు."

"చిన్నది చేస్తే?"

"చిన్నది చేస్తే చీమలా ఉంటుంది. ఇంత సన్న గీతలు కొయ్య మీద ఎట్ల నిలుస్తాయి?" అని, వదిన చేతిలో పెన్సిలు లాక్కుని ఒక చెక్క ముక్క మీద తనే గీసింది. ఆ పావు పువ్వును మూల నుంచి మూలకు సగం చేసి, ఆ సగాన్ని పొడుగ్గా లాగింది. విచ్చుకున్న పువ్వు కాస్తా మొగ్గయింది. నేల మీద ఎదుటి మూలనున్న ఆకు కొసను తెచ్చి మొగ్గ కింద పెట్టింది. అయిపోయింది, అయిదు నిమిషాల్లో. ఇది ఆ టైలేనని చెప్తే తెలుస్తుంది, చెప్పకపోయినా బాగుంటుంది. వదిన మొహం చూడాలి అప్పుడు!

ఇంకొకటి అడిగాను. చెంచా గుంటలో పువ్వు ఎందుకు పెట్టరని. చిన్నావిడ నవ్వింది. "నోట్లో పెట్టుకునేది కదక్కా. మెతుకు ఇరుక్కుంటే ఎట్ల కడుగుతారు?" తినే చోట నున్నగా, పట్టుకునే చోట పువ్వు. ఈ మాటకు వదిన నోటు పుస్తకంలో రెండు గీతలు గీసుకుంది.

ఆ మొగ్గ డిజైనుతోనే చెంచాలకు ఆర్డరిచ్చాం, బేరమాడలేదు. పొద్దస్తమానం కూర్చుని చెక్కితే ఎన్ని అవుతాయో కళ్ళతో చూశాక నోరు రాదు. రాత్రికి ఊళ్ళోనే ఉన్నాం, దోమలు తప్ప చెప్పుకోవాల్సింది లేదు.

ఆదివారం, ఒంగోలు

దుత్తలూరు, వింజమూరు, కలిగిరి మీదుగా కావలి వచ్చి హైవే ఎక్కాం. కావలిలో టీ తాగుతూ వదిన లెక్కలు వేసింది. కంచం పదంగుళాలైతే చుట్టుకొలత ముప్పైయొకటిన్నరకు కాస్త తక్కువ. మొగ్గ, ఆకు కలిపి ఒక జత అనుకుంటే అంచు చుట్టూ పన్నెండు జతలు పడతాయి, ఒక్కోదానికి రెండున్నర అంగుళాల పైన. అయితే చదరం బిళ్ళలో ఆకుకు పైనా కిందా ఒకే వెడల్పు, అంచు మీద అలా కుదరదు, బయటి వైపు వెడల్పు, లోపలి వైపు ఇరుకు. కాబట్టి మొగ్గ బయటికి చూడాలి, కాడ లోపలికి. ఉదయగిరి ఆవిడ గీసిన మొగ్గ సరిగ్గా ఆ ఆకారమే! టీ కొట్టాయన "బిల్డింగు ప్లానా మేడమ్?" అన్నాడు. అలాంటిదే అన్నాం.

ఒంగోలులో వదిన వాళ్ళమ్మగారు, నేను అత్తా అంటాను, మమ్మల్ని కూర్చోబెట్టి ముందు అన్నం పెట్టింది, తర్వాత బొమ్మలు చూసింది. పొగుడుతుందనుకున్నాం.

"అంచు ఇంత వెడల్పెందుకే? పీటలా ఉంది. దీన్లో పప్పన్నం కలిపితే మెతుకులు టేబులు మీదకొస్తాయి."

నిజానికి ఆ వెడల్పాటి పడుకున్న అంచు కత్తీ ఫోర్కుతో తినేవాళ్ళ కంచానిది. పక్కన ఆవ ముద్ద పెట్టుకోడానికో ఉప్పు పెట్టుకోడానికో వాళ్ళకది పనికొస్తుంది. మనం వేళ్ళతో అన్నాన్ని కంచం గోడకు నొక్కి కలుపుతాం, మనకు నిలువంచు కావాలి. అత్త వంటింట్లోంచి తన స్టీలు కంచం తెచ్చి బల్ల మీద ఠంగుమని పెట్టింది. "ఇట్ల చెయ్యి."

వదిన అమ్మ మాట వినడం నేను మొదటిసారి చూశాను. ఆ సాయంత్రమే డిజైనంతా మారిపోయింది. పడుకున్న అంచు పోయి అంగుళంన్నర నిలువంచు వచ్చింది, మొగ్గలు ఆ లోపలి గోడ మీదకు ఎక్కాయి. నడిమధ్య తెల్లగా ఖాళీ. పులుసు పోసినా పన్నెండు మొగ్గలు పైకి కనిపిస్తూనే ఉంటాయి. పెద్ద పువ్వు, నాలుగు బిళ్ళలు కలిస్తే వచ్చేది, అది కంచం మీద లేదు. దాన్ని ట్రే మీద పెడదామంది, ఎందుకంటే ట్రే చదరం, పైగా నాలుగు పలకలు కలిపి అంటించొచ్చు.

సోమవారం

పాత ఇళ్ళు పడగొట్టిన తలుపులు, కిటికీలు అమ్మే చోటికి వెళ్ళాం. చీమకుర్తి ఇక్కడికి దగ్గరే, బ్లాక్ గెలాక్సీ గ్రానైటు దేశదేశాలకు పోయేది అక్కణ్ణుంచే, నల్లటి రాతిలో బంగారు చుక్కలు. ఇళ్ళల్లో ఆ రాయి వేయించుకోవడం కోసం పూల బిళ్ళలు పెకలిస్తారు, పెకలించేటప్పుడు సగం పగులుతాయి. ఒక మూలన కుప్పగా పడున్నాయి. పగిలిన అంచు చూస్తే రంగు పొర ఎంత లోతుందో స్పష్టంగా కనిపించింది, పైన ఎరుపు, కింద బూడిద రంగు సిమెంటు. గ్రానైటు చెడ్డదని అనను, మా ఇంట్లోనూ అదే, తుడవడం సులువు. కానీ పగలని బిళ్ళలు కూడా చెత్తలో పారేయడం ఎందుకో అర్థం కాదు.

ఇక రంగు దగ్గర ఒక చిక్కు. సిమెంటులో ఎరుపు అంటే ఐరన్ ఆక్సైడు, కాల్చే పనే లేదు కాబట్టి ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. వదిన బట్టీ కాలేది పన్నెండు వందల డిగ్రీల పైన, ఆ వేడికి అదే ఐరన్ గ్లేజు కింద గోధుమ రంగుకో నలుపుకో తిరుగుతుంది. ఇజ్నిక్ వాళ్ళు ఆ ఎరుపు కోసం ఎంత తంటాలు పడ్డారో, కొన్ని దశాబ్దాలకు మించి ఆ నాణ్యత నిలబెట్టుకోలేకపోయారు. కోబాల్టు నీలం అయితే ఏ వేడికీ బెదరదు, చైనా నుంచి హాలండులోని డెల్ఫ్ట్ దాకా అందరి కంచాలూ నీలం కావడంలో ఈ సుఖం కూడా ఉంది. వదిన ఎరుపును వదిలేసి, మొగ్గ నీలం, ఆకు గీత నలుపు అని తేల్చింది. నాకైతే ఆ ఇటుక ఎరుపు లేకపోవడం వెలితిగానే ఉంది, చెప్పాను కూడా. "ఎరుపు నీ పులుసులో ఉంటుంది కదా" అంది.

ఉదయగిరి వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. చెంచాలు చేసేవాళ్ళ దగ్గరే కొనండి, చెక్కుతుంటే చూడండి, మీ సొంత డిజైను ఉంటే పట్టుకెళ్ళండి, కాకపోతే ఉన్నదున్నట్టు చెక్కమని పట్టుబట్టొద్దు. ఇంటికొచ్చాక వాటిని సింకులో నానబెట్టకండి, కడిగి వెంటనే తుడిచి నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడు కాస్త కొబ్బరి నూనె రాస్తే చాలు. కోట ఎక్కేటట్టయితే నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి, ఎండాకాలం వద్దు. పగలని పూల బిళ్ళలు నాలుగు నేనూ కొన్నాను, ఒంగోలు నుంచి నెల్లూరుకు బస్సులో ఒళ్ళో పెట్టుకునే తెచ్చాను, ఒక్కోటీ బాగానే బరువుంది. వాటిని పూజగది గడప ముందు వేయిద్దామని నేను, కుదరదు తులసి కోట చుట్టూ వేయాలని అమ్మ. మేస్త్రీ బుధవారం వస్తానన్నాడు.